నానమ్మ కట్టిన దారం, కోనా సముద్రం

మావాడు పుట్టిన నెలలోనే మా అత్తగారు జాతకం రాయించారు. పన్నెండో ఏట జలగండం ఉందని సిద్ధాంతిగారు చెప్పారట. అప్పటినుంచీ ఆవిడకి వాడి గురించి ఒకటే టెన్షన్. ఫోన్‌లో చదువూ తిండీ అడగడం అయ్యాక "నీళ్ల జోలికి వెళ్లడం లేదు కదమ్మా?" అని అడక్కుండా పెట్టేయరు. ఇక్కడ కాలిఫోర్నియాలోనేమో ఎవరి పుట్టినరోజైనా స్విమ్మింగ్ పూల్ దగ్గరే జరుగుతుంది. ఈత రాని పిల్లవాడు ఒడ్డున ఒంటరిగా కూర్చోవాలి. అందుకే వాడిని చిన్నప్పుడే ఈత క్లాసులో చేర్పించాం. వాడి వెనకే నేనూ చేరి, ఆ వయసులో నేర్చుకున్నాను. ఇప్పుడు వాడికి పన్నెండు నిండాయి. డిసెంబర్ సెలవులకు హవాయిలోని బిగ్ ఐలండ్‌కి, అక్కడి కోనా తీరానికి వెళ్దామని అనుకోగానే, స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల లోపలికి దిగడం, చేస్తానని పట్టుబట్టాడు.

అత్తగారి భయాన్ని మూఢనమ్మకమని తోసెయ్యడం నాకు ఇష్టం లేదు. శ్రీకాకుళం జిల్లాలో వాళ్ల ఊరికి ఒకవైపు చెరువు, ఇంకోవైపు కూతవేటు దూరంలో సముద్రం. ఈత నేర్పేవాళ్లు లేరు, ఒడ్డున లైఫ్‌గార్డ్ లేడు. వేసవి సెలవుల్లో చెరువులో దిగి తిరిగి రాని పిల్లల కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉంటుంది. మా ఆయనతో చదువుకున్న కుర్రాడొకడు అలాగే పోయాడు. ఆయన ఈ రోజుకీ నీళ్లలో నడుం లోతు దాటరు. అలాంటి చోట పిల్లల్ని కాపాడుకోవడానికి పెద్దవాళ్ల చేతిలో ఉన్నది భయపెట్టడం ఒక్కటే. ఆ భయం ఎంతమందిని బతికించిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

అయితే అదే అత్తగారు సముద్రానికి దణ్ణం పెట్టందే కాలు తడపరు. ముందు వంగి నీళ్లు తాకి, నెత్తిన చల్లుకుని, "గంగమ్మ తల్లీ" అనుకున్నాకే అడుగు వేస్తారు. మా ఇంట్లో నీళ్లంటే భయమూ భక్తీ ఒకే ముద్దలో కలిపి తినిపించారు. నా పిల్లలకు భయం అంటకూడదు, భక్తి మాత్రం కావాలి. ఆ రెండిటినీ విడదీయడం తేలిక కాదు. భయం పోగొట్టే తొందరలో భక్తి కూడా పోతే, వాళ్లకి సముద్రం పెద్ద వాటర్ పార్కులా మిగిలిపోతుందని నా బెంగ. ఈ దేశంలో పిల్లల్ని పెంచుతున్నప్పుడు నన్ను భాష కంటే, పండగల కంటే ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే.

విషయం అత్తగారికి చెప్పకుండా వెళ్లే ఉద్దేశం మాకు లేదు. మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కిందటి వేసవిలో నేను కట్టిన దారం వాడి చేతికి ఉందా? అది తీయకండి" అన్నారు. అది ఎర్రటి దారం. శ్రీకూర్మం గుడిలో పూజ చేయించి కట్టారు. నీళ్లలో నానీ నానీ కాస్త పీచు లేచింది కానీ తెగలేదు.

అనుభవం లేనివాళ్ల కోసం డిస్కవర్ స్కూబా అని ఒక పద్ధతి ఉంది. పదేళ్లు నిండినవాళ్లు చేయొచ్చు. శిక్షకుడు పక్కనే ఉంటాడు, పన్నెండు మీటర్ల లోతు దాటనివ్వరు. ముందుగా ఆరోగ్యం గురించి ఒక ప్రశ్నపత్రం నింపాలి. మావాడికి చిన్నప్పుడు ఆయాసం వచ్చేది కాబట్టి ఇంటి దగ్గరే డాక్టర్‌కి చూపించి సంతకం తెచ్చుకున్నాం. పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు ఈ కాగితం పని ప్రయాణానికి ముందే చూసుకోవాలి. పడవ ఎక్కేముందు గుర్తొస్తే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

పడవ మీద మా శిక్షకుడు చెప్పిన మొదటి సూత్రం, ఊపిరి బిగబట్టకూడదు. నాకు ఇది పూర్తిగా తలకిందులు పాఠం. గోదావరి పుష్కరాల్లో మా అమ్మ నా ముక్కు పట్టుకుని, "ఊపిరి బిగబట్టు" అంటూ మూడు మునకలు వేయించింది. స్కూబాలో అదే ప్రమాదం. పది మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే నెమ్మదిగా పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. కిందికి దిగుతున్నంతసేపూ నొప్పి మొదలవకముందే ముక్కు మూసి మెల్లిగా గాలి ఊది చెవులు తేలిక చేసుకోవాలి. ఇంకో సంగతి, బొటనవేలు పైకెత్తితే నీళ్లలో "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. మావాడికి ఇవన్నీ ఒకసారి చెబితే సరిపోయింది. నేను పెదాలతో వల్లించుకుంటూ కూర్చున్నాను.

శిక్షకుడు హవాయి స్థానికుడు, యాభై దాటిన మనిషి. సముద్రానికి ఎప్పుడూ వీపు తిప్పకూడదని తన చిన్నతనంలో వాళ్ల నానమ్మ నేర్పిందని చెప్పాడు. తాబేళ్లు కొన్ని కుటుంబాలకు ఔమాకువా అని, అంటే పూర్వీకులే ఆ రూపంలో వచ్చి కనిపెట్టుకుని ఉంటారని నమ్మకమట. మావాడు వెంటనే, మా నానమ్మ ఊరి దగ్గర తాబేలు రూపంలో ఉన్న దేవుడి గుడి ఉందని, ఆ ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయని, తాను వాటికి ఆకులు పెట్టానని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాడు. మందర పర్వతం, పాలసముద్రం, వాసుకి, అన్నీ వచ్చాయి. ఇంట్లో ఈ కథ చెప్పబోతే "తెలుసమ్మా" అని లేచిపోయేవాడు. అడిగే మనిషి దొరికితే వాడి దగ్గర ఇంత ఉందని నాకు అప్పుడే తెలిసింది.

పడవ మెట్ల మీద నేను చేయి ముంచి నెత్తిన నీళ్లు చల్లుకున్నాను. మావాడు మాస్కు పెట్టుకుంటూ నన్ను చూశాడు, ఏమీ అనలేదు, తనూ చల్లుకున్నాడు.

కింద మొదట తెలిసేది శబ్దం. మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది. తర్వాత ఇసుక నములుతున్నట్టు ఒక కరకర. చిలక ముక్కు చేపలు పగడాల మీది నాచును గీకి తింటున్న చప్పుడది. హవాయికి డిసెంబరులో హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి. కనిపించలేదు కానీ ఎక్కడో దూరంనుంచి మూలుగులాంటి పాట ఒకటి వినిపించింది. ఒక రాతి సందులోంచి పాములాంటి చేప, మొరే ఈల్, నోరు తెరుస్తూ మూస్తూ మమ్మల్నే చూస్తోంది. కరవడానికి కాదు, అది ఊపిరి తీసుకునే పద్ధతే అంత.

అప్పుడు కనిపించింది తాబేలు. మీటరు పొడవు డిప్ప. పగడాల దిబ్బ మీద మెడ ఎత్తి, నాలుగు కాళ్లూ బార్లా చాపి నిలబడినట్టు తేలుతోంది. చుట్టూ పసుపుపచ్చ టాంగ్ చేపలు మూగి, డిప్ప మీద పెరిగిన నాచును కొరుక్కు తింటున్నాయి. మెడ కిందికి ఒక చేప వెళ్తే తాబేలు మెడ ఇంకాస్త పైకెత్తింది, వెనక కాలు దగ్గరికి ఇంకొకటి వెళ్తే ఆ కాలు పక్కకు జరిపింది. అలాంటి చోట్లకి తాబేళ్లు కావాలనే వస్తాయట. మాకూ దానికీ మధ్య పదడుగులు తగ్గకుండా శిక్షకుడు చేయి అడ్డం పెట్టాడు. అమెరికాలో ఈ తాబేళ్లకు 1978 నుంచి చట్టం రక్షణ ఉంది. పదడుగుల దూరం పాటించమని ఇక్కడి అధికారులు చెబుతారు. మావాడు నేర్పినట్టే రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని కదలకుండా ఉన్నాడు. నా చేతికి మాత్రం తాకి కళ్లకద్దుకోవాలనిపించింది. గుళ్లో, గోవు దగ్గర, ఏనుగు దగ్గర మనకు అలవాటైన భక్తి అది, చేతుల్లోంచి వస్తుంది. దూరంగా నిలబడటం కూడా అంత భక్తేనని వాడి చేతులు చూశాక అర్థమైంది.

ఇంకాసేపటికి శిక్షకుడు వాడి మణికట్టు పట్టుకుని దారం చూపించాడు. నేను గుండె ఆగినట్టు చూశాను. ఎర్రటి దారం మట్టి రంగులోకి, దాదాపు నలుపులోకి తిరిగింది. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే. కాసిని మీటర్లు దిగేసరికి వాడిపోతుంది. ఆయన తన టార్చి వెలిగించి దాని మీద పెట్టాడు. దారం ఒక్కసారిగా భగ్గుమని ఎర్రబడింది. మావాడు మాస్కులోంచి కళ్లు పెద్దవి చేసి, తనే టార్చి అడిగి తీసుకుని, ఆర్పుతూ వెలిగిస్తూ చూసుకున్నాడు.

పైకి వచ్చాక పడవకు కొంచెం దూరంలో స్పిన్నర్ డాల్ఫిన్లు. మావారు సెల్‌ఫోన్ తీసి, దగ్గరికి పోనిమ్మని కెప్టెన్‌ని అడిగారు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఆయన చొక్కా లాగి, "నాన్నా, అవి పడుకునే టైమ్ ఇది" అంది. రాత్రంతా లోతు నీళ్లలో వేటాడి, పగలు తీరం దగ్గర విశ్రాంతి తీసుకుంటాయి. నిద్ర చెడుతోందనే 2021లో యాభై గజాల లోపలికి ఎవరూ వెళ్లకూడదని నిబంధన పెట్టారు. ఆ అమ్మాయి షాపులో సన్‌స్క్రీన్ కొనేటప్పుడు కూడా పగడాలకు హాని చేసే మందులున్నాయేమోనని వెనక అక్షరాలన్నీ చదివింది. ఇదంతా స్కూల్లో నేర్చుకున్నదే, నేను నేర్పింది కాదు.

రాత్రి కోనా తీరంలో మాంటా రేలనే పెద్ద రెక్కల చేపలను చూడటానికి వెళ్లాం. ఇది డైవ్ కాదు, లైఫ్ జాకెట్ వేసుకుని, దీపాలున్న పలకను పట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలడం. దీపాలకు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే బుల్లి జీవులు, మూగుతాయి, వాటిని తినడానికి మాంటాలు వస్తాయి. అమ్మాయి చీకటి నీళ్లు చూసి బిగుసుకుపోయింది. నాన్న వస్తేనే దిగుతానంది. మా ఆయన ఒక్క నిమిషం పడవ అంచు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత జాకెట్ బకిల్ రెండోసారి సరిచూసుకుని దిగిపోయారు. పన్నెండడుగుల వెడల్పు రెక్కలతో ఒక మాంటా నోరు తెరిచి, మా కిందనుంచి పల్టీ కొడుతూ, పొట్ట దాదాపు మొహాలకు తగిలేంత దగ్గరగా వెళ్లింది. దానికి ముల్లు లేదు, కుట్టదు. పొట్ట మీది మచ్చలను బట్టి ఏది ఏదో గుర్తుపడతారు. నీళ్ల చప్పుడులో మా ఆయన గొంతు స్నార్కెల్ గొట్టంలోంచి "గోవిందా, గోవిందా" అని వినిపించింది. అమ్మాయి ఆయన వేలు వదల్లేదు, మొహం మాత్రం నీళ్లలోంచి ఎత్తలేదు. చెరువు గట్టున ఆగిపోయిన మనిషిని నడి చీకట్లో సముద్రంలోకి దింపింది ఆ తొమ్మిదేళ్ల పిల్ల. ఆయనను చూసి నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

హోటల్‌కి వచ్చి వెంటనే ఫోన్ చేశాం. మాకు రాత్రి తొమ్మిదిన్నర, శ్రీకాకుళంలో మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట. అత్తగారు ముందు వాడిని నిలబెట్టి నఖశిఖపర్యంతం చూశారు. తర్వాత అడిగారు.

"తాబేలుని ముట్టుకున్నావా?"

"లేదు నానమ్మా. ముట్టుకోకూడదు."

"మంచి పని చేశావు. దణ్ణం పెట్టుకున్నావా?"

"చేతులు కట్టుకున్నాను. అది ఓకేనా?"

ఆవిడ ఓకే అన్నారు. ఆ తర్వాత చెప్పిందే మావాడిని మంచం మీదనుంచి లేపి కూర్చోబెట్టింది. తమ ఒడ్డుకు కూడా చలికాలంలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని, కొన్ని చచ్చి కొట్టుకొస్తాయని. అవి ఆలివ్ రిడ్లేలు. తాబేలు గాలి కోసం పైకి రావాలి. ట్రాలర్ల వలలో చిక్కుకుంటే రాలేక ఊపిరాడక చనిపోతుంది. వలలో తాబేలు తప్పించుకునేందుకు దారి వదిలే పరికరం ఉంది కానీ అది అన్ని వలలకూ ఉండదు. మావాడు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. నేను మధ్యలో అందించే పని లేకుండానే ఆవిడ జవాబులు చెప్పారు. గుడ్లు తవ్వి తెచ్చి హేచరీలో పొదిగించి, పిల్లలను తెల్లవారుజామున సముద్రంలో వదులుతారని, తమ వీధి కుర్రాడొకడు ఆ పని చేస్తాడని కూడా ఆవిడే చెప్పారు. ఇన్నేళ్ల ఫోన్ కాల్స్‌లో ఈ సంగతి ఎప్పుడూ రాలేదు. మేం అడగలేదు.

మర్నాడు ఆ దీవిలోని ఎత్తైన కొండ మౌనా కేయా శిఖరం ఎక్కాలని ముందు అనుకున్నాం. డైవ్ చేశాక 24 గంటలలోపు అంత ఎత్తుకు వెళ్లకూడదు కాబట్టి ఆ రోజంతా హోటల్లోనే గడిచింది. మావాడు లాప్‌టాప్ ముందేసుకుని స్ప్రింగ్ బ్రేక్ తేదీలు, శ్రీకాకుళం తీరంలో తాబేలు పిల్లలను వదిలే నెలలు పక్కపక్కన పెట్టి చూశాడు. తేదీలు కుదిరేలానే ఉన్నాయి, మా ఆయన సెలవే తేలాలి. అత్తగారు ఇప్పటికే తన షరతు చెప్పేశారు. హేచరీకి తనూ వస్తారు, సముద్రంలో మాత్రం మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదు. మావాడు ఒప్పుకున్నాడు.