నాన్న పేరు మీద దానం, నా పేరు మీద 80జీ

నిన్న పొద్దున ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్ పడింది, 7,800 రూపాయలు. 80జీ అంటే దానంగా ఇచ్చిన డబ్బుకి పన్నులో ఇచ్చే మినహాయింపు, ఈ రీఫండ్ దానివల్లే. దీని కోసం పడ్డ తిప్పలు మర్చిపోకముందే రాస్తున్నా.

నాన్నగారి సంవత్సరీకానికి 2024 జనవరిలో మా ఊరి దగ్గరి వృద్ధాశ్రమానికి 50,000 ఇచ్చాను. బ్యాంకు నుంచే పంపాను, ఎందుకంటే నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, బియ్యం బస్తాలు, దుప్పట్లు ఇచ్చినా రాదు. నేను పాత పన్ను విధానంలోనే ఉన్నాను, కొత్త దాంట్లో ఉన్నవాళ్లకి 80జీ లేదు.

అసలు గోల జూన్‌లో మొదలైంది. ఏ దాత ఎంత ఇచ్చారో సంస్థలు ఏటా మే 31లోపు ఫారం 10బీడీలో చూపించాలి, అప్పుడే మినహాయింపుకి కావాల్సిన 10బీఈ సర్టిఫికెట్ మనకి వస్తుంది. నాకు రాలేదు. మూడుసార్లు ఫోన్ చేస్తే "రసీదు ఉందిగా" అన్నారు. చివరికి శనివారం బస్సెక్కి వెళ్లాను. భోజనాల వేళ, వరండాలో పెద్దవాళ్లు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ఆఫీసాయన లెడ్జర్ తిప్పి, మీ పేరే లేదమ్మా అన్నాడు. అన్నదానం ఎవరి పేరు మీద అని అప్పట్లో అడిగితే నాన్న పేరు చెప్పాను, రసీదూ ఆయన పేరు మీదే రాసేశారు, పాన్ లేదని ఆ పద్దు వదిలేశారు. డబ్బు నా అకౌంట్ నుంచి వచ్చిందని స్టేట్‌మెంట్ చూపించాను. అప్పుడన్నాడు, అందరూ వినేలా: "తండ్రి పేరు మీద దానం చేసి మళ్లీ గవర్నమెంటు దగ్గర డబ్బు రాబట్టుకుంటారా, ఇంక పుణ్యం ఏం మిగులుతుందమ్మా?" ఒక ముసలామె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నావైపు చూసింది. ఆ డబ్బు వస్తే మళ్లీ ఇక్కడికే ఇస్తానండీ అందామంటే గొంతు పెగల్లేదు. బస్సులో ఏడ్చాను.

దానం చేసినవాళ్లు లెక్క అడక్కూడదా? 50,000లో సగం, అంటే 25,000 మినహాయింపు, నాది 30 శాతం పన్ను శ్లాబు, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు కలిపితే 7,800. చట్టం ఇచ్చిందే అడిగాను. ఆ రీఫండ్ కూడా ఆశ్రమానికే ఇస్తే, నా చేతి నుంచి పోయేది 50,000 అయినా వాళ్లకి 57,800 చేరుతుంది. ఈ మాట ఆశ్రమాల వాళ్లే దాతలకి చెప్పుకోవాలి, అవమానించడం కాదు.

ఇలాంటివి వస్తే ఆఫీసులో వాదించకండి, ఆడిటర్‌ని పట్టుకోండి. వాళ్ల ఆడిటర్‌గారికి రెండు నిమిషాల్లో అర్థమైంది, 10బీడీ సవరించి వేశారు, పది రోజుల్లో 10బీఈ వచ్చింది. అందులోని నంబరు రిటర్న్‌లో వేసి జులైలో ఫైల్ చేశాను.

ఈరోజు ఆ 7,800 అదే ఆశ్రమానికి పంపాను. ఆ ఆఫీసాయన మీద కోపం పోలేదు, కానీ అక్కడ అన్నం తినేది ఆయన కాదు. ఈసారి రసీదు నా పేరు మీద, నా పాన్‌తో రాయించాను. నాన్న పేరు కింద వరసలో ఉంది, జ్ఞాపకార్థం అని.