కాలి మీద గడ్డ, తల మీద గడ్డ

నేను పంజాగుట్టలో ఒక ల్యాబ్‌లో మాలిక్యులర్ సెక్షన్‌లో పనిచేస్తాను. పేషెంట్లను చూసేది తక్కువ, వాళ్ల బయాప్సీ బ్లాకులే, అంటే మైనంలో పొదిగిన గడ్డ ముక్కలే మా చేతికి వస్తాయి. మొన్న జనగామ నుంచి ఒకాయన వాళ్లమ్మ బ్లాక్ పట్టుకొచ్చాడు. ఆవిడకు మోకాలి కింద ఊదారంగు గడ్డలు.

"చర్మంలో లింఫోమా అన్నరు మేడమ్. మా ఊళ్లో ఒకాయనకు తల మీద గిదే వస్తే కరెంటు పెట్టిన్రు, తగ్గింది. మా అమ్మకు కీమో ఎందుకు?"

అడగాల్సిన ప్రశ్నే. లింఫోమా అంటే ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్. రెండూ చర్మంలో పుట్టే, బీ కణాలనే తెల్లరక్తకణాల లింఫోమాలే అయి ఉండొచ్చు. కానీ తల మీద, వీపు మీద ఎక్కువగా కనిపించేది ఫాలికిల్ సెంటర్ రకం. అది నిదానస్తురాలు, చాలామందికి రేడియేషన్ సరిపోతుంది. పెద్ద వయసువాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు కాళ్ల మీద వచ్చే లెగ్ టైప్ దూకుడు రకం. దానికి మామూలుగా రిటుక్సిమాబ్ అనే, బీ కణాలను పట్టుకునే మందుతో కలిపి కీమో ఇస్తారు.

తేడా ఎక్కడుందంటే, లెగ్ టైప్‌లో సగానికి పైగా కేసుల్లో ఎంవైడీ88 అనే జీన్‌లో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారి ఉంటుంది. టీ ఉండాల్సిన చోట సీ. దాంతో ప్రోటీన్‌లో 265వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పోయి ప్రోలిన్ వస్తుంది. ట్యాంకు నిండినా ఎవరూ కట్టేయని మోటారులా, పెరగమనే సిగ్నల్ ఆగదు. ఫాలికిల్ సెంటర్ రకంలో ఈ మార్పు దాదాపు కనిపించదు. అలాగని ఇది లేనంత మాత్రాన లెగ్ టైప్ కాదనీ చెప్పలేం. కణాల్లోని ప్రోటీన్లను రంగుతో చూపించే బీసీఎల్2, మమ్1 స్టెయిన్లు చూసే పాథాలజిస్ట్ మాటే ముందు. మెదడులో, వృషణాల్లో పుట్టే లింఫోమాల్లోనూ ఇదే మార్పు దొరుకుతుంది, అందుకే జబ్బు ఒంట్లో ఇంకెక్కడైనా ఉందేమో చూడటానికి పెట్ స్కాన్ కూడా కావాలి.

టీ కణాలనే ఇంకో రకం తెల్లరక్తకణాల్లో పుట్టే చర్మ లింఫోమాలు, అంటే మైకోసిస్ ఫంగాయిడిస్, సెజారీ లాంటివి, ఇలా ఒక్క అక్షరంతో తేలవు. వాటి గోల ఇంకోసారి.

జీన్ టెస్ట్ అనగానే ఆయన మొహం మాడిపోయింది. "మా పిల్లలకూ వస్తదా?" రాదండీ, ఈ మార్పు గడ్డలోని కణాల్లో తర్వాత వచ్చిందే, పుట్టుకతో వచ్చింది కాదు అన్నాను. కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

బ్లాక్ కోసేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తాం. పొరలు సన్నగా చుట్టుకుపోయి గ్లవ్‌కి అంటుకుంటాయి. ఫార్మలిన్‌లో నానిన డీఎన్‌ఏ ముక్కలుముక్కలుగా వస్తుంది. ఇంత తంటా పడి టెస్ట్ చేస్తుంటే, దాంతో వచ్చిన ఫారంలో ఉన్నది ఒకే మాట: "స్కిన్ బయాప్సీ". ఏ చోటు? ఎన్నాళ్ల నుంచి? గడ్డ ఒకటా, చాలా ఉన్నాయా? ఫారాలు నింపే పీజీ డాక్టర్లూ, దయచేసి ఆ మూడూ రాయండి. వీలైతే ఫోన్‌లో తీసిన ఫోటో కూడా పంపండి.