నీళ్ళలో నిలబడి నేను చెప్పిన మాట

మొన్న రాత్రి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. దానికి పదహారేళ్ళు, ఒడిశాలో మా ఊరు పర్లాకిమిడిలోనే ఉంటాది. "అన్నయ్యా, వచ్చే నెల నాకు బాప్తిస్మం ఇస్తారట, నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలీట్లేదు, నాన్నకి చెప్పలేను, అప్పుడు నువ్వేటి చేసేవు" అని అడిగింది. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయేను, ఏవో నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేసేను, అప్పట్నుంచీ నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నాను.

మాది బాప్తిస్టు సంఘం. చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసి తన నోటితో తనే నమ్ముతున్నానని చెప్పినవాళ్ళకే ఇస్తారు, అదీ నీళ్ళలో పూర్తిగా ముంచి. కెనడా మిషన్ దొరలు వచ్చిన కాలం నుంచీ ఇదే పద్ధతి. నిజానికి చాలా గొప్ప పద్ధతి, ఎవరి నిర్ణయం వాళ్ళది, ఇప్పటికీ నాకది ఇష్టమే. కానీ పద్నాలుగు పదిహేనేళ్ళు రాగానే పిల్లలందరి పేర్లూ ఒకేసారి లిస్టులో రాసేస్తే అది నిర్ణయం ఎలా అవుతాది? 2008లో నా పేరూ అలాగే రాసేరు.

నేను సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీల్లో ప్రతి ఏడూ ప్రైజు తెచ్చుకునేవాణ్ణి, బైబిల్ చదవమన్నారు, చదివేను, చదవబట్టే ఇదంతా మొదలైంది. మత్తయి సువార్తలో, యేసుని డబ్బుకి పట్టిచ్చిన యూదా ఆ డబ్బులు గుళ్ళో పారేసి ఉరేసుకున్నాడు, ఆ డబ్బుతో యాజకులు పొలం కొన్నారు. అపొస్తలుల కార్యాల్లో చూస్తే యూదాయే పొలం సంపాదించేడు, తలకిందులుగా పడి పొట్ట పగిలి చచ్చిపోయేడు. బాప్తిస్మం క్లాసులో ఇదే అడిగేను. ఉరితాడు తెగి పడిపోయి ఉంటాడు బాబూ అన్నారు టీచర్ గారు. సరే, మరి పొలం కొన్నదెవరండీ అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, ఇలాటి ప్రశ్నలు సాతాను పెడతాడు, ప్రార్థన చేసుకో అన్నారు. కోపంగా కాదు, ఎంతో ప్రేమగా అన్నారు. అందుకే ఎదురు చెప్పలేకపోయేను.

యూదా సంగతి చిన్నదే. నన్ను నిజంగా పట్టుకున్నది మొదటి సమూయేలు 15వ అధ్యాయం. అమాలేకీయులనే జాతిలో ఎవర్నీ మిగల్చొద్దని దేవుడి ఆజ్ఞ, ఆడవాళ్ళనీ, పాలు తాగే పిల్లల్నీ కూడా. ఆ పేజీ చదివిన రోజున ఇదిగో ఈ చెల్లే, అప్పటికి మూడు నెలల పాప, మా ఇంట్లో చాప మీద పడుకుని ఉంది. దాని గుప్పిట్లో నా వేలుంది. ఇలాంటి పిల్లేం తప్పు చేసిందని చంపమన్నాడు? దీనికి జవాబు నేను ఎవరినీ అడగలేదు. అడిగితే జవాబు చెప్పేస్తారేమో, ఆ జవాబు విన్నాక వాళ్ళని ప్రేమించలేనేమో అని భయమేసింది.

ఇంతలో ఆగస్టు 23 వచ్చింది. కంధమాల్‌లో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానందని చంపేరు, ఆ మర్నాటి నుంచి క్రైస్తవుల ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టడం మొదలైంది, వేలమంది అడవుల్లోకి పారిపోయేరు, తర్వాత రిలీఫ్ క్యాంపుల్లో తేలేరు. కంధమాల్ అంటే మా గజపతి జిల్లాకి ఆనుకున్న జిల్లాయే, టీవీలో చూసే దూరం కాదు. మా గుమ్మం మీద క్రీస్తే ఈ ఇంటికి అధిపతి అని రాసిన పలక ఉండేది. ఓ రాత్రి నాన్న లైట్లన్నీ ఆర్పేసి, నన్ను టార్చి పట్టుకోమని, స్క్రూ డ్రైవర్‌తో దాన్ని ఊడదీసేడు. నాలుగో మేకు తుప్పు పట్టి ఎంతకీ రాలేదు, నాన్న చెయ్యి వణుకుతోంది. పలక తీసేక ఆ చోట పాత రంగు ఎండ తగలక పచ్చగా, నలుచదరంగా మిగిలిపోయింది, అది చూస్తే ఇక్కడ ఏదో ఉండేదని ఇంకా బాగా తెలిసిపోతాది. నాన్న దాని మీద క్యాలెండర్ తగిలించి లోపలికొచ్చి కూర్చున్నాడు, తెల్లారేదాకా మాట్లాడలేదు.

ఏటి దగ్గర జనం పోగవడం మంచిది కాదని బాప్తిస్మం వాయిదా వేసేరు. అది విని నాకు సంతోషమేసింది. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది గానీ నిజం, అక్కడ మనుషుల ఇళ్ళు కాలిపోతుంటే ఇక్కడ నేను హమ్మయ్య తప్పించుకున్నాననుకున్నాను.

నాన్న ఈ నమ్మకానికి తక్కువ ఖరీదు కట్టలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కింద లెక్కలోకి రాడు. సవర గిరిజనులకి ఈ బాధ లేదు, ఎస్టీకి మతంతో పనిలేదు. మావాళ్ళు చాలామంది కాగితాల్లో హిందువులుగానే ఉండిపోయేరు, వాళ్ళని నేను తప్పు పట్టను, పిల్లల చదువులు ఎవరికైనా ముఖ్యమే. నాన్న మాత్రం క్రైస్తవుడనే రాయించుకున్నాడు, రిజర్వేషన్ పోయింది, వస్తాదనుకున్న గవర్నమెంటు ఉద్యోగం పోయింది, జీవితమంతా షాపుల్లో లెక్కలు రాసేడు. అలాంటి మనిషికి ఎదురుగా నిలబడి నాకు నమ్మకం లేదు నాన్నా అని ఏ నోటితో చెప్పను?

మరుసటి జనవరిలో, ఊరు కాస్త కుదుటపడ్డాక, మహేంద్రతనయలో మడుగు చూసి మమ్మల్ని దింపేరు. తెల్లబట్టలు, నడుం దాకా నీళ్ళు, ఒకటే చలి. గట్టు మీద పాడుతున్నవాళ్ళలో ఒకామె ఉంది, కంధమాల్ నుంచి పిల్లలతో వచ్చి మా సంఘంలో చుట్టాలింట్లో తలదాచుకుంటోంది, తెలుగు రాదు, మా పాటకి తన ఒడియాలో ఏదో కలిపి పాడుతోంది. పాస్టర్ గారు నా భుజం పట్టుకుని యేసును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా అన్నారు. నేను ఆమె వైపు చూసేను. నమ్ముతున్నాను అన్నాను. నా నోటితో నేనే.

ఆ మాట ఇన్నేళ్ళూ నాలో నానుతూనే ఉంది. బరంపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఓ సెలవుల్లో ఇంటికొచ్చి నాన్నకి చెప్పేసేను. నాన్నకి పురుషోత్తమ చౌదరి గారి క్రైస్తవ కీర్తనలంటే ప్రాణం, పొద్దున్న లేస్తే అవే. నేను ఆయన్నే అడ్డం పెట్టుకున్నాను. ఆయన మన పర్లాకిమిడి ప్రాంతం మనిషే కదా నాన్నా, 1803లో బ్రాహ్మల ఇంట పుట్టేడు, పుట్టిన మతాన్ని ప్రశ్నించేడు, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన అడిగితే భక్తి, నేను అడిగితే సాతానా? అన్నాను. నాన్న చాలాసేపు ఊరుకుని, "ఆయన ఎతుక్కుని ఇక్కడికొచ్చేడు. నువ్వు ఎతుక్కుని ఎక్కడికి పోతావురా" అన్నాడు. తిట్టలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఇంటికెళ్ళినప్పుడు చర్చికి వెళ్తాను. కీర్తనలు పాడతాను, అవి నావి, వాటిని వదులుకోలేను. ప్రభువు బల్ల, అంటే యేసుని తలుచుకుని అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన, వచ్చినప్పుడు మాత్రం తీసుకోను. చిన్న చిన్న గ్లాసుల ట్రే వరసలో చేతులు మారుతూ వస్తాది, అమ్మ తనది తీసుకుని ట్రే నా ముందుకి పెడతాది, నేను కదలను, అయినా వెంటనే పక్కవాళ్ళకి ఇచ్చెయ్యదు, ఓ రెండు క్షణాలు అలాగే పట్టుకుని ఉంటాది. ఆ రెండు క్షణాలూ నేను నేలకేసి చూస్తాను.

చెల్లీ, నువ్వేటి చేసేవు అనడిగేవు కదా, ఇదే చేసేను. నువ్వు నమ్మితే దిగు, నేను గట్టు మీంచి పాడతాను. తెలీట్లేదు అంటే ఆ మాటే చిన్నాన్నతో చెబుదాం, చెప్పడం నీ వల్ల కాకపోతే నేను చెప్తాను. శనివారం గుణుపురం ప్యాసింజర్‌కి వస్తున్నాను.