హైదరాబాద్ నుంచి అమలాపురం దాకా, ఫోన్ లేకుండా

మా అత్తగారి ఊరు అమలాపురం దగ్గర. మియాపూర్‌లో మా ఇంటి నుంచి సుమారు 450 కిలోమీటర్లు. సంక్రాంతికీ, వేసవి సెలవులకీ తప్పకుండా కార్లోనే వెళ్తాం. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఐదు.

రెండేళ్ల క్రితం దాకా మేమూ బండెక్కగానే పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేవాళ్లమే. నకిరేకల్ వచ్చేసరికి చిన్నోడికి వాంతి. ఏసీ పడట్లేదేమోనని అద్దాలు దించాం, పొద్దున్నే పాలు తాగించడం మానేశాం. చివరికి పిల్లల డాక్టర్‌ని అడిగితే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "కార్లో ఫోన్ చూస్తాడా?" అని. ఒళ్లో ఉన్న ఫోన్ మీదే చూపు పెట్టుకుంటే కళ్లకు ఏదీ కదలనట్టు ఉంటుంది, చెవి లోపలి భాగానికి మాత్రం కుదుపులూ మలుపులూ అన్నీ తెలుస్తుంటాయి. ఈ రెండూ పొసగకే కడుపులో తిప్పుతుందట. దూరంగా, ముందుకు చూస్తుంటే చాలావరకు తగ్గుతుందన్నారు. అలా మా కార్లో ఫోన్ ఆగిపోయింది.

మొదటి ప్రయాణానికి నేను పెద్ద సంచీ సర్దాను. రంగు పెన్సిళ్లు, స్టిక్కర్ పుస్తకాలు, పజిళ్లు. చౌటుప్పల్ దాటకముందే పెన్సిళ్లు సీటు కిందకి చేరాయి. పైగా పుస్తకం కూడా ఒళ్లో పెట్టుకుని చూసేదే కాబట్టి మళ్లీ అదే వికారం. అప్పుడు అర్థమైంది, ఆడుకోవడానికి కావలసింది కిటికీ బయటే ఉండాలని.

మా ఇంట్లో బాగా నిలిచిన ఆట ఊరి పేర్ల చివర్లు. ఒక్కొక్కరు ఒక్కో చివర ఎంచుకోవాలి. పెద్దది "పల్లి" అంది, చిన్నోడు "పేట" అన్నాడు. బోర్డు మీద ఆ పేరు ముందు ఎవరు చూస్తే వాళ్లకి మార్కు. నార్కట్‌పల్లి పెద్దదానికి. సూర్యాపేట, జగ్గయ్యపేట చిన్నోడికి. అక్షరాలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న పిల్లాడు "పే" కనిపిస్తే చాలు, సీటు బెల్టుతో సహా ఎగిరేవాడు. తాడేపల్లిగూడెం దగ్గర మాత్రం పెద్ద గొడవ. పేరులో పల్లి ఉంది కదా అని పెద్దది, చివర్న లేదు కదా అని చిన్నోడు. బండి నడుపుతున్న మా ఆయన అరమార్కు ఇచ్చి తీర్పు చెప్పారు. రావులపాలెం దాటాక కొత్తపేట, అంబాజీపేట వరసగా వచ్చి చిన్నోడే గెలిచాడు. కోనసీమలోకి వచ్చాక "లంక" అని ముగిసే పేర్లు మొదలయ్యాయి. "లంక అంటే రావణుడిది కదా?" అని వాడు అడిగితే, నది మధ్యలో తేలిన నేలని కూడా లంకే అంటారని నాన్న చెప్పారు. ఊరి పేరు వెనక ఇలా ఒక అర్థం ఉంటుందని వాడికి తెలిసింది ఆ రోజే.

రెండోది వంతెనల ఆట. వంతెన ఎక్కగానే కాళ్లు పైకెత్తాలి, దిగేదాకా దించకూడదు, దించితే నీళ్లలో పడ్డట్టే. సూర్యాపేటకు ముందు మూసీ, రాష్ట్రాల సరిహద్దులో పాలేరు, నందిగామ దాటాక మున్నేరు. "మూసీ అంటే మన హైదరాబాద్‌లో మురికిగా ఉండేదేనా?" అని పెద్దది ఆశ్చర్యపోయింది. అదే. మూసీ, పాలేరు, మున్నేరు మూడూ చివరికి కృష్ణలోనే కలుస్తాయని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి వచ్చేసరికి మాత్రం ఆట పక్కనపెట్టి అందరం దండం పెట్టుకుంటాం.

పెద్దదానికి లెక్కలంటే ఇష్టం. వాళ్ల నాన్న దానికొక పని అప్పజెప్పారు. ఒక కిలోమీటరు రాయి నుంచి తర్వాతి రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, 3600ని ఆ అంకెతో భాగిస్తే బండి వేగం వస్తుంది. 60 సెకన్లు పడితే గంటకు 60 కిలోమీటర్లు, 45 అయితే 80, 40 అయితే 90. కోదాడ దాటాక ఒకసారి "నాన్నా, 36 సెకన్లే!" అని అరిచింది. అంటే వంద. ఆయన వెంటనే తగ్గించారు. నేను ఎన్నిసార్లు చెప్పినా తగ్గని వేగం అది. ఆ రోజు నుంచి ఆ పని పూర్తిగా దానిదే.

బండి నంబర్ల ఆట మా ఆయన చిన్నప్పటిది. అప్పట్లో ఏపీ 05 కనిపిస్తే తూర్పు గోదావరి బండి అని కేకలు వేసేవాళ్లట. ఇప్పుడు ఆంధ్రలో 2019 నుంచి కొత్త బండ్లన్నిటికీ జిల్లాతో సంబంధం లేకుండా ఏపీ 39 మొదలైంది కాబట్టి ఆ సరదా తగ్గింది. తెలంగాణలో టీఎస్, 2024 నుంచి వచ్చిన టీజీ ఏవి ఎక్కువో లెక్కపెట్టడం ఓ పావుగంట నడుస్తుంది, అంతే.

మధ్యమధ్య ఏ ఆటా లేని సమయం కూడా ఉంటుంది. "ఏం తోచట్లేదమ్మా" అంటారు. మొదట్లో నాకు టెన్షన్ వచ్చి వెంటనే ఇంకో ఆట వెతికేదాన్ని. ఇప్పుడు ఊరుకుంటాను. పది నిమిషాల్లో వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు, లేదా నిద్రపోతారు. జంతికల డబ్బా మాత్రం అందేలా ఉంచుతాను.

మొన్న సంక్రాంతికి మా అత్తయ్య కూడా మాతోనే వచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరినా మొదటి టోల్ గేటు దగ్గరే గంటన్నర ఆగిపోయాం. రాళ్లు లేవు, వంతెనల్లేవు, ముందూ వెనకా కార్లే. పిల్లలు ఏడుపు మొహాలు పెట్టేసరికి అత్తయ్య పొడుపు కథలు అందుకున్నారు.

"తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏంటది?"

"వాట్సాప్ మెసేజ్!" అన్నాడు చిన్నోడు. ఉత్తరం అని చెబితే, ఉత్తరం అంటే ఏంటని అడిగాడు. తాతయ్య రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్ల గురించి చెప్పడానికే ఇంకో అరగంట పట్టింది. చివర్లో ఆవిడ ఒకటి వేశారు:

"అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖమున ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనైనాను."

కట్టె, కాగితం, అగరొత్తి, మొక్కజొన్న, ఏది చెప్పినా కాదన్నారు. విజయవాడ వచ్చింది, ఏలూరు వచ్చింది. పిల్లలు నన్ను బతిమాలారు. అత్తయ్య కళ్లతోనే వద్దన్నారు, నేను చెప్పలేదు. ఇంటికి చేరి నిద్రపోయేదాకా "మామ్మా, ఒక్క అక్షరం చెప్పు" అంటూనే ఉన్నారు.

భోగి రోజు చీకటితోనే లేపి మంట దగ్గరికి తీసుకెళ్లాం. ఇద్దరి చేతుల్లో భోగి పిడకల దండలు. పెద్దది తన దండ మంటలో వేసింది, అది అంటుకోవడం చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, వీధి అంతా వినపడేలా అరిచింది:

"మామ్మా! పిడక! పిడకే కదా!"