అనంతపురం బస్టాండులో ఫోన్లు లెక్కపెట్టాం: నా అనుభవం

ఎంఏ సైకాలజీ మొదటి ఏడాదిలో మాకు అబ్జర్వేషన్ ప్రాక్టికల్ ఒకటి పడింది. ప్రశ్నలు అడగకూడదు, ఎవరినీ కదిలించకూడదు. మనుషులు వాళ్ల పాటికి వాళ్లున్నప్పుడు ఏం చేస్తున్నారో చూసి, లెక్క రాసి, రికార్డు పెట్టాలి. నేనూ మా క్లాసమ్మాయి ఒకామె ఒక జట్టు. టాపిక్ నేనే చెప్పాను: ఆడవాళ్లు ఫోను ఎక్కువ వాడతారా, మగవాళ్లా? చాలా తేలిక అనుకున్నాను. మేడం కాగితం చూసి ఒక్కటే అడిగారు.

"వాడటం అంటే?"

"వాడటం అంటే వాడటమే మేడం."

"అయితే ముందు బస్టాండులో ఒక గంట కూర్చుని రా. మిగతాది తర్వాత మాట్లాడదాం."

ఆ ఆదివారం మా జట్టు అమ్మాయి ఊరికి పోయింది. నేనొక్కడినే ఉగ్గాని బజ్జీ తిని, కళ్యాణదుర్గం బస్సులు ఆగే చోట బెంచీ మీద కూర్చున్నాను. నోటు పుస్తకంలో రెండే గడులు గీసుకున్నాను: వాడుతున్నారు, వాడటం లేదు. మొదట కనబడినామె చేతిలో ఫోనుంది, స్క్రీన్ ఆరిపోయి ఉంది, ఆమె చూపు బస్సులు వచ్చే దారి మీద ఉంది. ఇది వాడటమేనా? గీత పెట్టాను, కొట్టేశాను. తర్వాత ఒక పెద్దామె ఫోను తీసింది. హమ్మయ్య అనుకునేలోపే దాని ఫ్లిప్ కవరు తెరిచి, లోపలి అరలోంచి ఆధార్ కార్డూ, నాలుగు మడతలు పెట్టిన ఇరవై నోటూ బయటికి లాగి, కవరు మూసి జాకెట్టులో దోపుకుంది. ఆమెకు ఆ ఫోను ఆ పూటకు పర్సు. ఇంకొకాయన స్పీకర్ ఆన్ చేసి ఫోను చేత్తో పట్టుకున్నాడు, మాట్లాడేదంతా పక్కనున్న భార్య. ఫోను ఒకటి, మనుషులు ఇద్దరు. గీత ఎవరి గడిలో వేయాలి? అరగంటకు నా పేజీలో గీతలకన్నా కొట్టివేతలే ఎక్కువున్నాయి.

అప్పుడే భుజం మీద చెయ్యి పడింది.

"ఏం తమ్ముడూ, శానాసేపట్నుంచి చూస్తాండా. ఆడోళ్ళను చూసి ఏందో రాసుకుంటాండావే?"

కాలేజీ ఐడీ కార్డు చూపించాను. సైకాలజీ అన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు, నాకు చెమట ఆగలేదు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అడిగేవాణ్ణి. ఒక కుర్రాడు పరాయి ఆడవాళ్లను అరగంట తేరిపార చూస్తూ కాగితం మీద గీతలు గీస్తుంటే దాన్ని పరిశోధన అని ఎవరనుకుంటారు? బస్టాండు అందరూ తిరిగే చోటే, అక్కడ ఒకరినొకరు చూస్తూనే ఉంటారు, అందుకే అక్కడ ముందుగా అనుమతి అడక్కుండా చూడటానికి పరిశోధన పద్ధతి ఒప్పుకుంటుంది. అయినా చూపుకు ఒక హద్దుంది. మరుసటి రోజే రూల్స్ రాసుకున్నాం. ఇద్దరం కలిసే కూర్చోవాలి. ఒక మనిషిని ఐదు సెకన్లకు మించి చూడకూడదు. ఫొటో లేదు, పేరు లేదు, స్క్రీన్ మీద ఏముందో తొంగి చూడటం అసలే లేదు. ఆడవాళ్ల వెయిటింగ్ హాలు వైపు పోకూడదు. చిన్న పిల్లల్లా కనబడితే వదిలేయాలి. ఎవరైనా అడిగితే నిజం చెప్పి, వద్దంటే ఆపేయాలి.

ఐదు సెకన్ల రూల్ ఇంకో తలనొప్పిని కూడా తీర్చింది. ఎంతసేపు మాట్లాడుతున్నారో స్టాప్‌వాచ్‌తో కొలవాలని నా మొదటి ఆలోచన. మనం చూసేసరికే కాల్ సగంలో ఉంటుంది, బస్సు రాగానే మనిషే ఉండరు. అందుకని సేపు కొలవడం మానేసి, ఆ క్షణంలో ఏం చేస్తున్నారన్నదే రాశాం. ఎవరిని రాయాలన్నది మా ఇష్టానికి వదిలితే కళ్లు ఫోను ఉన్నవాళ్ల మీదికే పోతాయి. అందుకే ప్లాట్‌ఫాం మీద ఒక స్తంభం చూసుకుని, దాని దగ్గర్నుంచి వరసలో ప్రతి ఐదో మనిషిని తీసుకున్నాం. ఒక మనిషి ఒక్కసారే లెక్కలోకి రావాలి, లేకపోతే ఆడ, మగ తేడా నిజమా కాకతాళీయమా అని చివర్లో కై స్క్వేర్ లెక్క వేయడానికి అర్థముండదు.

ఇక గడుల సంగతి. దాన్ని తేల్చింది మా జట్టు అమ్మాయి. నా మొదటి రోజు కాగితం చూసి, "నువ్వు లెక్కపెట్టింది ఫోన్లను కాదు, జేబుల్ని" అంది. మగవాళ్ల షర్టుకు జేబుంటుంది, ప్యాంటుకు ఇంకో రెండు. చీరకు జేబు లేదు, చుడీదార్లకు చాలావాటికి ఉండదు. బ్యాగులో వేస్తే రింగు వినబడదు, పైగా రద్దీలో ఎవరైనా కొట్టేస్తారని భయం. అందుకని ఆడవాళ్లు ఫోను చేతిలోనే పట్టుకుంటారు. 'చేతిలో ఉంటే వాడుతున్నట్టే' అని రాసుకుంటే ఆడవాళ్లే ఎక్కువ వాడతారని బ్రహ్మాండంగా తేలిపోతుంది, అది కుట్టుపని తేడా తప్ప సైకాలజీ కాదు. అప్పుడు మూడు గడులు చేశాం: చేతిలో మాత్రమే ఉంది, స్క్రీన్ చూస్తున్నారు లేదా తాకుతున్నారు, మాట్లాడుతున్నారు. ఈ మూడూ కాకపోతే నిల్. కవరు తెరిచి కార్డు తీస్తే మొదటి గడి. స్పీకర్ కేసులో గొంతు ఎవరిదైతే గీత వాళ్లది.

ఇద్దరం విడివిడిగా ఒకే 40 మందిని చూసి కాగితాలు పోల్చుకున్నాం. 32 మంది దగ్గర ఒకే మాట. ఎనభై శాతం! ఫస్ట్ క్లాస్ అనుకుని మేడం దగ్గరికి పోయాం. ఆవిడ పెన్ను తీసుకుని, ఫోను వాడుతున్నారని ఎంతమందికి పెట్టారో లెక్కపెట్టమన్నారు. తనవి 8, నావి 8. ఇద్దరికీ కలిసినవి నాలుగే. మిగతా ఒప్పందమంతా వాడని వాళ్ల దగ్గర వచ్చిందే. ఎక్కువమంది వాడని చోట ఇద్దరూ కళ్లు మూసుకుని ఎక్కువగా 'లేదు' అని రాసుకుంటూ పోయినా సగానికి పైగా కలుస్తాయి. ఆ కాకతాళీయాన్ని తీసేయడానికే సైకాలజిస్టు జేకబ్ కోహెన్ 1960లో కప్పా అనే లెక్క ఇచ్చాడు. మా కాగితాల్లో కాకతాళీయంగా కలవాల్సినది 0.68. కలిసినది 0.80. పూర్తిగా కలిస్తే 1 రావాల్సిన కప్పా 0.375 దగ్గర ఆగింది. నా ఫస్ట్ క్లాస్ అక్కడే పోయింది. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో కూర్చుని చూసుకుంటే, ఒళ్లో ఫోను పెట్టుకుని తల వంచుకున్న వాళ్ల దగ్గర దాదాపు ప్రతిసారీ దెబ్బతిన్నాం. వేలు కదలాలి, లేదా స్క్రీన్ వెలగాలి అని ఇంకో వాక్యం చేర్చి మళ్లీ మొదలుపెట్టాం.

చోటు మార్చడం కూడా అప్పుడే జరిగింది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం మొదలయ్యాక పల్లెవెలుగు బస్సుల దగ్గర ఆడవాళ్లు ఎక్కువ. బెంగళూరు బస్సులకు అది వర్తించదు, అక్కడ బ్యాగు తగిలించుకున్న కుర్రాళ్లే కనబడతారు. బస్టాండు మొత్తాన్ని కలిపేసి ఆడ, మగ అని పోలిస్తే, మేము పోల్చేది పల్లెటూరి పెద్దామెనూ బెంగళూరు కుర్రాడినీ. అందుకే ఒకే ప్లాట్‌ఫాం, ఒకే వేళ పెట్టుకున్నాం. ఒంటరిగా ఉన్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా అని ఇంకో గడి. పిల్లాడిని చంకనెత్తుకున్నామెకు ఫోను చూసే చెయ్యేది?

ఇంత చేసినా ఒక సంగతి మా కాగితాల్లోకి రాదు. మా ఇంట్లో అమ్మ ఫోను పేరుకే అమ్మది. చెల్లెలు చదువుకు, నాన్న చార్జింగ్ అయిపోయినప్పుడు నాన్నకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019-21) ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు దాదాపు 54 శాతం. బెంచీ మీద ఖాళీ చేతులతో కూర్చున్నామె ఫోను వాడటం లేదా, అసలు ఫోనే లేదా? దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. ఈ మాట రికార్డులో పరిమితుల కింద రాశాం, మేడం దాని పక్కన టిక్ పెట్టారు.

ఫలితం ఒక పేరా. 'చేతిలో మాత్రమే' గడిలో తేడా, కాకతాళీయం కాదనడానికి దాటాల్సిన కై స్క్వేర్ హద్దు 3.84ను సులువుగా దాటింది, జేబుల పుణ్యమే. ఒంటరిగా ఉన్నవాళ్లలో స్క్రీన్ చూడటం, మాట్లాడటం రెండింటిలోనూ దాటలేదు. నేను మొదట రాసిన టైటిల్‌లో 'ఎక్కువ' అనే మాటను మేడం ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ రికార్డు తిరగేసి, "వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న వాళ్లను ఎక్కడ వేశారు?" అన్నారు. "చెవి కనిపిస్తే మాట్లాడుతున్నారు గడిలో సార్" అన్నాను. "జుట్టో చున్నీయో చెవి మీద ఉంటే?" నేను జట్టు అమ్మాయి వైపు చూశాను. తను చున్నీ తల మీది నుంచి కొంచెం వెనక్కి జరుపుకుంటూ, "నిల్ అని వేశాం సార్" అంది.