పసుపు క్యాసెట్లో ఆర్కేడ్: ఏది దమ్మున్నది, ఏది దండగ

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ... మా వైపు ఏ ఇంటి అటక దులిపినా పాత వీడియో గేమ్ పెట్టె ఒకటి బయటపడే అవకాశం ఉంది. రెండు రిమోట్లు, ఒక గన్ను, '9999 ఇన్ 1' అని రాసిన పసుపు క్యాసెట్టు. ఆ అంకెను నమ్మక్కర్లేదు. లోపల ఉండేవి ఏ ఇరవయ్యో నలభయ్యో ఆటలు. వాటినే స్టేజీ మార్చి, లైఫులు పెంచి, పేరు తిప్పి మళ్ళీ మళ్ళీ జాబితాలో పెడతారు. కానీ ఆ ఇరవైలోనే 1979 నుంచి 1987 దాకా వచ్చిన ఆర్కేడ్ ఆటల (బయట నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్లవి) ఇంటి రూపాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఏది ఆడదగ్గది, ఏది కాదు, ఆ పెట్టెను నేటి టీవీకి తగిలిస్తే ఏం చెడుతుంది అన్నదే ఈ పోస్టు.

ముందు పెట్టె సంగతి. ఇది నింటెండో వారు 1983 జూలై 15న జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కు నకలు. తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240. కదిలే బొమ్మ ముక్కలు మొత్తం 64, ఒకే అడ్డగీత మీద మాత్రం ఎనిమిదికి మించి కనబడవు. శత్రువులు ఒకే వరసలోకి వచ్చినప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి చూడండి, అది పెట్టె పాడవడం కాదు. తొమ్మిదోదాన్ని ఎక్కడ గీయాలో తెలియక ఆట వంతులవారీగా గీస్తోంది, అంతే.

ఆర్కేడ్ మెషీన్లలో చాలావాటికి టీవీ గొట్టాన్ని నిలువుగా తిప్పి బిగించేవారు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ తెర 224 అడ్డం, 288 నిలువు. దాన్ని అడ్డం టీవీలో కూర్చాలంటే ఏదో ఒకటి నొక్కాలి, లేదా తీసేయాలి. ఏం తీశారు, దాని బదులు ఏం పెట్టారు అన్నదాన్ని బట్టే ఇంటి రూపం మంచిచెడ్డలు తేలతాయి. 1984 నాటి ఫామికామ్ ప్యాక్‌మ్యాన్‌లో స్కోరును కుడి పక్కకు తోసి, గళ్ళను కుదించారు. ఆట బాగానే ఉంటుంది. కాకపోతే ఆర్కేడ్‌లో బట్టీపట్టిన దారులు ఇక్కడ పనికిరావు.

డాంకీకాంగ్‌కు పెద్ద దెబ్బే తగిలింది. 1981 ఆర్కేడ్‌లో నాలుగు స్టేజీలు. ఇంటి రూపంలో రెండోది, సిమెంటు తట్టలు బెల్టు మీద కదిలే 50 మీటర్లది, ఎగిరిపోయింది. క్యాసెట్టు మొత్తం 24 కిలోబైట్లే మరి. మిగిలిన మూడూ మాత్రం చేతికి బాగా అందుతాయి, దూకే లెక్క తప్పదు.

గలాగా అనే అంతరిక్ష ఓడ ఆట (ఆర్కేడ్ 1981, ఫామికామ్ 1985) మాత్రం నిజంగా దమ్మున్న రూపం. ఇందులో తెలిసి ఆడేవాడికీ తెలియనివాడికీ తేడా ఒక్క చోటే బయటపడుతుంది. పై వరసలోని బాస్ కిందికి దిగి కాంతి వల వేసినప్పుడు, చేతిలో ఇంకో ఓడ మిగిలి ఉంటే కావాలనే దొరికిపోవాలి. తర్వాత ఆ బాస్‌ను వరసలో ఉండగా కొట్టకూడదు. మన ఓడను వెంటేసుకుని కిందికి దూకుతున్నప్పుడే కొట్టాలి. బాస్‌కు రెండు దెబ్బలు కావాలి, మొదటి దెబ్బకు రంగు మారుతుంది. ఆ రంగు చూసి రెండోది ఆచితూచి వేయండి, తొందరపడితే గుండు మన ఓడకే తగులుతుంది. సరిగ్గా పడితే రెండు ఓడలు జంటగా కలుస్తాయి. గుండ్లు రెట్టింపు, తగిలే వెడల్పూ రెట్టింపే. మూడో స్టేజీ, తర్వాత ప్రతి నాలుగోది (7, 11...) బోనస్. అక్కడ వచ్చే శత్రువులు నలభై, ఒక్కటీ మన మీద కాల్చదు. జంట ఓడ విలువ అక్కడే తెలుస్తుంది.

ఇక ట్యాంకుల ఆట. దీనికి అసలు పేరు బ్యాటిల్ సిటీ, నామ్కో వారిది, 1985. దీని వెనక ట్యాంక్ బెటాలియన్ అనే 1980 నాటి ఆర్కేడ్ ఉంది. అందులో ఇటుక గోడలు, ఒకడే ఆడటం. ఇంటికొచ్చేసరికి నీళ్ళు, చెట్లు, మంచు, ఉక్కు గోడలు చేరాయి, ఇద్దరు కలిసి ఆడటం వచ్చింది, 35 స్టేజీలు అయ్యాయి. ఇంటి రూపం ఆర్కేడ్‌ను మింగేసిన కేసు ఇది. స్టేజీకి ఇరవై ట్యాంకులు. ఒకరు ఆడితే తెర మీద ఒకేసారి నాలుగు, ఇద్దరు ఆడితే ఆరు. నాలుగోది, పదకొండోది, పద్దెనిమిదోది రంగు మారుతూ మెరుస్తూ వస్తాయి, బహుమతి ఉండేది వాటిలోనే. కాబట్టి ఇద్దరిలో ఒకరు లెక్కపెడుతూ ఉండాలి. మూడు దిగాక నాలుగోది ఏ మూల నుంచి దిగుతుందో చూసి అటు తిరిగి ఉండాలి.

నక్షత్రం ఒకటి తింటే గుండు వేగం పెరుగుతుంది, రెండోదానికి ఒకేసారి రెండు గుండ్లు, మూడోదానికి ఉక్కు గోడ కూడా పగులుతుంది. చస్తే ఇవన్నీ పోతాయి. అందుకని మూడు నక్షత్రాలున్నవాడు ముందుకు, లేనివాడు మనం కాపాడాల్సిన గద్ద బొమ్మ దగ్గర కాపలాకు. పార తింటే గద్ద చుట్టూ గోడ కాసేపు ఉక్కుగా మారుతుంది. గోడ పూర్తిగా ఊడిపోయాక పార దొరికితే అంతకంటే అదృష్టం లేదు, అప్పటిదాకా దాన్ని తెర మీదే వదిలేయడం మంచిది. అయితే ఇంకో మెరిసే ట్యాంకు వచ్చేలోపే తినేయండి, ఆ తర్వాత పాత బహుమతి మిగలదు. పక్కవాడి గుండు మనకు తగిలితే చావం కానీ కాసేపు కదల్లేం. అన్నదమ్ముల తగువులు సగం ఇక్కడే మొదలవుతాయి. 'కన్‌స్ట్రక్షన్'లో మనమే మ్యాపు కట్టుకోవచ్చు. ఉక్కుతో గద్దను మూసేసినా అది మొదలుపెట్టే స్టేజీ వరకే. క్యాసెట్లో దాచుకునే బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోతే మ్యాపూ పోయినట్టే.

కాంట్రాది ఇంకో కథ. 1987 ఆర్కేడ్ నిలువు తెర మీద ఇరుకుగా ఉంటుంది. 1988లో కొనామి వారు ఇంటికి తెచ్చినప్పుడు తెరను అడ్డం చేసి స్టేజీలను సాగదీశారు, ఆర్కేడ్‌లో చివర ఒకే ఊపులో సాగేదాన్ని విడగొట్టి మొత్తం ఎనిమిది చేశారు. పరుగెత్తి కాల్చే ఆటకు అడ్డం తెరే సరైనదని అప్పుడే తేలిపోయింది. జపాన్ క్యాసెట్లో ఇంకో ప్రత్యేక చిప్పు ఉండి అడవిలో ఆకులు కదులుతాయి, స్టేజీల మధ్య మ్యాపు వస్తుంది. అమెరికా క్యాసెట్లో అవి లేవు. ముప్ఫై లైఫుల మంత్రం మొదటి తెర మీద: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ఒకరైతే స్టార్ట్, ఇద్దరైతే సెలెక్ట్ నొక్కి స్టార్ట్. మంత్రం పారకపోతే తప్పు మీది కాకపోవచ్చు, అరిగిన రిమోట్‌లో 'కిందికి' ఒకసారికి రెండుసార్లు పడుతుంది. 'ఎస్' గన్ను దొరికాక ఇంకేదీ ముట్టుకోవద్దు, దాన్ని ఇంకా వేగం చేసే 'ఆర్' తప్ప. మూడో స్టేజీ జలపాతంలో పైన ఉన్నవాడు తొందరపడి ఎక్కితే తెర కదిలి కిందున్నవాడు ఊరకే చస్తాడు. ఇద్దరూ ఒకే మెట్టు ఎత్తులో వెళ్ళాలి.

దండగవి రెండు చెప్పి వదిలేస్తాను. 1942 విమానాల ఆట: క్యాప్‌కామ్ వారి 1984 ఆర్కేడ్ మంచిది, ఇంటి రూపాన్ని మైక్రోనిక్స్ అనే సంస్థ చేసింది. కదలిక కుదుపులు, పాట బదులు చెవిలో పోటు. డబుల్ డ్రాగన్: ఆర్కేడ్ అందమంతా ఇద్దరు కలిసి కొట్టడంలో ఉంటే, ఇంటి రూపం అసలు ఆటలో అదే తీసేశారు, ఒకరి తర్వాత ఒకరు ఆడాలి. రోడ్ ఫైటర్ అనే కార్ల ఆట దమ్మున్నదానికీ దండగకూ మధ్యలో. ఎ నొక్కితే 400 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. లారీ తగిలితే కారు అక్కడికక్కడే పేలుతుంది, రంగురంగుల కారును తాకితే పెట్రోలు వస్తుంది. నాలుగే రోడ్లు, మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుంది.

ఒక సంగతి చాలామందికి తట్టదు. మన టీవీ పద్ధతి సెకనుకు 50 తెరలు, జపాన్‌ది 60. మన పెట్టెలు 50కే చేసినవి. ఆటేమో 60కి రాసింది. అంటే ఒక నిమిషం ఆట 72 సెకన్లు పడుతుంది, పాటా అంతే నిదానం. కంప్యూటర్‌లో అసలు వేగంతో ఆడితే 'ఇదేటి, ఇంత స్పీడుగా ఉంది' అనిపించడానికి కారణం ఇదే. చెయ్యి పడిపోలేదు, ఆటే ఆరింట అయిదు వంతుల వేగంతో అలవాటయింది.

ఇప్పుడు అటక మీద పెట్టెకు వద్దాం. స్విచ్ వేసే ముందు అడాప్టర్ చూడండి. పాతవాటిలో లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, చేతికి బరువుగా తగులుతుంది. అది 230 వోల్టులకు 9 ఇస్తుంది. సాయంత్రం లైన్లో 170కి పడిపోతే ఇచ్చేది ఆరున్నర చిల్లర. లోపలి 7805 రెగ్యులేటర్‌కు 5 వోల్టులు నిలకడగా ఇవ్వడానికి కనీసం 7 కావాలి. అందుకే దీపాలు పెట్టే వేళకు బొమ్మ మీద అడ్డ చారలు పాకుతాయి, ఆట ఉన్నట్టుండి మొదటికొస్తుంది. 100-240 అని రాసి ఉన్న తేలికైన 9 వోల్ట్ 1 ఆంపియర్ అడాప్టర్ వేస్తే ఈ గొడవ ఉండదు. 12 వోల్టులది ఉంది కదా అని పెట్టకండి. 0.4 ఆంపియర్ లాగే పెట్టెలో 9 వోల్టులకు రెగ్యులేటర్ మీద 1.6 వాట్ల వేడి, 12కి 2.8 వాట్లు. పిన్ను మధ్యలో ప్లస్సో మైనస్సో పెట్టె మీద గుర్తు చూసి, మల్టీమీటర్‌తో సరిచూడండి. జపాన్ అసలు పెట్టెకు మధ్యలో మైనస్, నకళ్ళలో ఏదైనా కావచ్చు. కొత్తగా వచ్చే చిన్న పెట్టెలు 5 వోల్టులవి, చాలావాటిలో రెగ్యులేటరే ఉండదు. వాటికి 9 తగిలిస్తే మళ్ళీ లేవవు.

తర్వాత క్యాసెట్టు. ఊదకండి. నోటి తడి రాగిని పచ్చగా చేస్తుంది, గోపాలపూర్ గాలి తగిలే బరంపురంలో అయితే ఇంకా త్వరగా. మొబైల్ రిపేరు సామాను కొట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. ఇయర్‌బడ్‌ను తడిపి పిన్నులను పొడవునా తుడవాలి, అడ్డంగా కాదు. బడ్ నల్లగా రావడం ఆగేదాకా మార్చండి, మూడు నిమిషాలు ఆరనివ్వండి. పచ్చ వదలకపోతే మెత్తని రబ్బరుతో రెండు మూడు రుద్దులు, అంతకు మించితే పూత లేచిపోతుంది. పెట్టె గాడిలోకి పల్చని అట్టకు బట్ట చుట్టి, కొద్దిగా తడిపి, అయిదారుసార్లు దించి తీయండి.

తప్పు ఎక్కడుందో తెరే చెబుతుంది. క్యాసెట్టుకు 60 పిన్నులు, ముందు 30, వెనక 30. రెండు వైపులా ఒక చివర సగం ప్రోగ్రాముది, ఇంకో చివర సగం బొమ్మలది. పాట వస్తూ అక్షరాలు చెల్లాచెదురుగా ఉంటే బొమ్మల సగం అంటలేదు. ఒకే రంగు తెర వచ్చి ఆగిపోతే ప్రోగ్రాము సగం. ఆట ఆడుతూ శబ్దం లేకపోతే టీవీని తిట్టే ముందు 45, 46 పిన్నులు చూడండి. ఫామికామ్ డిజైన్‌లో శబ్దం 45 నుంచి క్యాసెట్లోకి వెళ్ళి 46 ద్వారా తిరిగొస్తుంది.

రిమోట్ తీగలు అయిదు: ప్లస్, గ్రౌండ్, మూడు సంకేతాలవి. తెగేది ఎప్పుడూ మెడ దగ్గరే, రిమోట్ నుంచి బయటికొచ్చే చోట లేదా పిన్ను దగ్గర. అక్కడ అయిదు సెంటీమీటర్లు కోసేసి మళ్ళీ అతికించండి. రెండు రిమోట్లలో రంగుల వరస ఒకటే ఉంటుందని అనుకోవద్దు, ఒక్కో తీగా మీటర్‌తో మోగించి చూసుకోవాలి.

నేటి టీవీకి పసుపు-తెలుపు-ఎరుపు వైర్లు పెట్టే గుంతలు నేరుగా లేకపోతే 3.5 మిల్లీమీటర్ల 'AV' గుంత ఉండొచ్చు. దాని వైరులో రింగుల వరస కంపెనీకొకలా ఉంటుంది. పసుపు పెడితే బొమ్మ రాకపోతే పసుపు స్థానంలో ఎరుపు, తర్వాత తెలుపు పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పిక్చర్ సెట్టింగుల్లో 'గేమ్' పెట్టండి, లేకపోతే బటన్ నొక్కాక మనిషి ఆలోచించి ఎగురుతాడు. కొన్ని టీవీలు ఈ పాత సిగ్నల్‌ను సగం గీతలదిగా పొరపడతాయి. అప్పుడు దెబ్బ తిన్నాక మెరవాల్సిన కాంట్రా మనిషి మెరవడం మానేసి పూర్తిగా కనబడకుండా పోతాడు. అలాంటి టీవీకి పక్క గదిలోని డబ్బా టీవీయే మేలు.

గన్ను కూడా ఆ డబ్బా టీవీకే. బాతుల వేట (డక్ హంట్) ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల గడి వస్తుంది. గన్ను మూతిలోని కన్ను ఆ వెలుగును అదే క్షణంలో పట్టుకోవాలి. ఎల్‌ఈడీ టీవీ ఆ గడిని ఆలస్యంగా చూపిస్తుంది, పైగా ఆ వెలుగు గొట్టం వెలుగులా కొట్టదు. ఎంత దగ్గర నుంచి కాల్చినా గురి తప్పిందని ఆటలోని కుక్క నవ్వుతూనే ఉంటుంది.