పెరటి కోళ్లకు నట్టల మందు: బద్దె పురుగులు మళ్లీ వచ్చాయి

ఈ రోజు పొద్దున గూడు తలుపు తీయగానే రెట్టల్లో మళ్లీ అవే కనిపించాయి. బియ్యపు నూకంత తెల్లటి ముక్కలు, వంగి చూస్తే మెల్లగా ముడుచుకుంటున్నాయి. రెండో విడత మందు పట్టి ఇవాళ్టికి 19 రోజులు. చాలా బాధేసింది.

ఏలిక పాములు పైపరజిన్ మందుతోనే పోయాయి, వాటి గొడవ తీరింది. ఈ బద్దె పురుగులే వదలడం లేదు.

మొదటిసారి నీళ్లలో కలపడం నా తప్పు. ఏడు నాటు పెట్టలు, మూడు వనరాజా జాతి కోళ్లు, ఒక పుంజు, అన్నీ కలిపి 18 కిలోలు. కిలోకు 20 మి.గ్రా. చొప్పున 360 మి.గ్రా., అంటే 2.5% ఆల్బెండజోల్ అనే నట్టల మందు 14.4 మి.లీ. లీటరు నీళ్లలో పోశాను. సాయంత్రానికి 600 మి.లీ. అలాగే మిగిలింది, అడుగున తెల్లటి మడ్డి. ఆ మందు నీళ్లలో కరగదు, పేరుకుంటుంది. పైగా ముందు రోజు వాన పడింది, కోళ్లు గుంటల్లో నీళ్లే తాగాయి. నీళ్లలో కలిపితే చాలని ఎవరు చెప్పినా ఇక వినను.

రెండోసారి రాత్రిపూట ఒక్కోదాన్నీ సంచిలో వేసి తూచి, సిరంజితో ముక్కు పక్క నుంచి నెమ్మదిగా పట్టాను. 1.4 కిలోల పెట్టకు 1.1 మి.లీ., 2.2 కిలోల వనరాజాకు 1.8. ఆల్బోమార్ అనే 2.5% ఆల్బెండజోల్ సీసా మందే వాడాను, సీసా బాగా ఊపితే కొలత చక్కగా వస్తుంది. మనుషుల 400 మి.గ్రా. మాత్రను ఇంత చిన్న ముక్కలు చేయడం కష్టం. రోజూ రాత్రి దండె కింద పాత పేపరు పరిచి, పొద్దున్నే రెట్టలు చూశాను. మందుకు ముందు ఇరవై కుప్పల్లో తొమ్మిదింట ముక్కలు. ఐదో రోజు నుంచి 18వ రోజు దాకా ఒక్కటీ లేదు. ఈ రోజు నాలుగు.

పురుగు తల పేగుకే అంటుకుని ఉండిపోయి మళ్లీ పెరిగిందా అని మొదట అనుకున్నాను. కానీ కాలికి దెబ్బ తగిలి మందు పట్టిన రాత్రి నుంచీ వరండాలో గంప కిందే ఉన్న ఎర్ర పెట్టకూ అదే మందు, అదే కొలత. దాని రెట్ట శుభ్రంగా ఉంది. అది బయట ఏరుకు తినలేదు. మిగతావి గోడవార పేడకుప్పను రోజంతా కెలుకుతాయి, దాణా తట్ట కింద చీమల బారు కూడా ఉంది. ఈ పురుగు గుడ్లు చీమల్లో, పేడ పురుగుల్లో పెరుగుతాయి, వాటిని తిన్న కోడికి రెండు మూడు వారాల్లో ముక్కలు రాలతాయి. 19 రోజులు దానికి సరిగ్గా సరిపోతోంది. మా అమ్మమ్మ పుట్ట మన్ను తెచ్చి కోడిపిల్లలకు చెదలు పోసేది, ఆ మన్నులో చీమలూ వచ్చేవి కదా అని ఇప్పుడు అనిపిస్తోంది.

వెల్లుల్లి నీళ్లు పది రోజులు పోశాను, తేడా ఏమీ కనిపించలేదు.

ఈసారి బద్దె పురుగులకు వాడే ప్రాజిక్వాంటెల్ అనే మందు పట్టాలనుకుంటున్నాను, పశువుల డాక్టరు గారు కిలోకు 10 మి.గ్రా. చాలన్నారు. దానికంటే ముందు పేడకుప్పను కంచె అవతలికి మార్చాలి. దాణా తట్టను నాలుగు కాళ్ల బల్ల మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాను, వంటింట్లో చీమలకు చేసినట్టే. గుడ్లు రెండు వారాలు ఇంట్లో ఎవరం తినం, పూడ్చేస్తాను. రెండు వనరాజాలను మాత్రం గంప కిందే ఉంచి, ఆ మందు పట్టాక 25వ రోజు దాకా వాటి రెట్టలు విడిగా లెక్కపెడతాను.